ఎడమచేతి చదువు

దుబాయ్‌లో, మేముండే అల్ కుసైస్‌లో మా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిన కోచ్ పోయిన వారం గుండె ఆగి చనిపోయాడు. ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పింది నా కొడుకే. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకు గుండె ఆపరేషన్ అయినప్పుడు వాడి గొంతు అంత వణకలేదు. పోయినవాళ్ళ మీద కుళ్ళుకోకూడదంటారు. బతికున్నన్నాళ్ళూ కుళ్ళుకున్నవాణ్ణి, ఇప్పటికిప్పుడు మానమంటే ఎలా?

నాది ఇస్త్రీ దుకాణం. చొక్కాకు ముందు కాలర్ చేయాలి, లోకమంతా చేతులతో మొదలుపెడుతుంది. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు. కోచ్‌ది గోదావరి వైపు. వారమంతా గిడ్డంగిలో స్టోర్‌కీపర్, ఆదివారం కోర్టులో గురువు. ఆయన దగ్గర చేరినవాడు అన్నం తప్ప అన్ని పనులూ ఎడమచేత్తోనే చేయాలి. ఆ చెయ్యి బంతికి అలవాటుపడాలట. ఒకరోజు దుకాణంలో మావాడు, ఓ పెద్దమనిషి పెళ్ళికి కట్టుకుపోయే పట్టుపంచెను ఇస్త్రీ అయ్యాక ఆయనకు ఎడమచేత్తో అందించాడు.

"ఎడమచేత్తోని ఇస్తవారా? మీ అయ్య గిదే నేర్పిండా?"

"అయ్య కాదు, మా కోచ్ నేర్పిండు" అన్నాడు వీడు, గర్వంగా.

తిన్నగా కోర్టుకు పోయాను. "కోచ్ సాబ్, నా గిరాకీ మొత్తం పోయేటట్టున్నది. ఇదేం చదువు?"

"ఒంటిచేతి వాణ్ణి ఒకవైపు మూసేస్తే ఖలాస్ అండి. కొన్నాళ్ళు తిట్లు పడనివ్వండి అన్నగారూ."

మావాడు కాలేజీ జట్టులోకి ఎక్కాడు. అంతలో ఇంకో కాలేజీ పిలిచింది. ఫీజు మాఫీ, పైగా నెలనెలా జీతం. ఆటకు జీతం!

"అమెరికా కాలేజీల్లోనూ ఇదేనండి. పిల్లలు ఏటా జట్టు మారుతున్నారు. ఆటగాణ్ణి ఇంట్లో వండుకునే ఓపిక ఏ కాలేజీకుంది, అందరికీ పార్సిలే కావాలి" అన్నాడు కోచ్.

వాడు ఇక ఆయన చెయ్యి దాటిపోతాడని లోలోపల సంబరపడ్డాను. పోనివ్వొద్దని కోచ్ నన్ను బతిమాలుతాడనుకున్నాను.

"వెళ్ళనివ్వండి. నారు పీకి నాటితేనే కదండీ పంట? నెలనెలా పీకితేనే కంకి రాదు."

"వరి సంగతి రైతుబిడ్డను, నాకే చెప్తున్నవా?" అన్నాను గానీ, ఆయన మాటే నిజమైంది. కొత్తచోట నేర్పేవాడు లేడు. జీతమిచ్చి తెచ్చుకున్నవాడు వచ్చిన రోజు నుంచే గెలిపించాలి, తప్పు చేస్తే బెంచీ. మావాడి ఎడమచేతి షాట్ ఇంకా సగంలోనే ఉంది. అందుకని ఆదివారం బస్సెక్కి మళ్ళీ కోచ్ దగ్గరికే వచ్చేవాడు. అలా వేరే కాలేజీలు ఎగరేసుకుపోయిన వాళ్ళందరూ వచ్చేవాళ్ళు. కోర్టు నుంచి నా దుకాణం రెండు వీధులే.

"చాయ్ తాగి పో బిడ్డా."

"టైం లేదు నాయినా, కోచ్ ఎదురుచూస్తుండు."

వాణ్ణి ఆటగాణ్ణి చేసింది ఆయనే. నాలో కృతజ్ఞత ఉంది, కుళ్ళూ ఉంది. రెండూ ఒకే మూటలో వచ్చాయి, విడదీయడం నాకు చేతకాలేదు.

ఆయనకు ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. శవాన్ని విమానంలో ఊరికి పంపేరోజు కౌంటర్ దగ్గర, "ఇన్‌కే ఘర్‌వాలే కౌన్?" అని అడిగారు, ఈయన ఇంటివాళ్ళెవరని. నేను నోరు తెరిచేలోపే నా కొడుకు ముందుకు నడిచాడు.

"తుమ్ క్యా లగ్తే హో?" నువ్వేమవుతావని.

"బేటా" అన్నాడు.

నేను వాడి వెనకే ఉన్నాను.

ఒకరినొకరు ఓడించడానికి జీతం తీసుకునే కుర్రాళ్ళు, తలా ఒక రంగు జెర్సీలో, ఆ పెట్టెకు భుజం పట్టడానికి తోసుకుంటున్నారు. నేనూ ఒక చెయ్యి వేద్దామని దగ్గరికి పోయాను. చోటు దొరకలేదు.