ఏరు తగ్గినాక మోటుపల్లి పోదాం

మా చరిత్ర అయ్యవారు పోయారు. మార్కాపురం నుంచి మొదటి బస్సుకు వచ్చిన పలకల దుకాణం శెట్టి, గిద్దలూరులో మా గుమ్మం ముందు నిలబడి, "నిన్న పొద్దుగూకే వేళ పోయినారు అబ్బాయా" అన్నాడు. ఉన్నపాటున బయలుదేరాను. దారిపొడుగునా ఒకటే సిగ్గు. ఆయన నన్ను ఒక్కటే అడిగారు. అది నేను చెయ్యలేదు.

సముద్రం చూడని మనిషి మాకు మోటుపల్లి పాఠం చెప్పారు. చీరాల దగ్గర ఇసుకలో చిన్న ఊరది. ఒకప్పుడు దూరదేశపు ఓడలు ఆగిన రేవు. అక్కడి గుడిలో రాతి మీద కాకతీయ ప్రభువు వేయించిన అభయశాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లట. ఇకమీద సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని ఆయన రాయించాడు. అవి కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు, మా మార్కాపురం అప్పట్లో కర్నూలు జిల్లాలోదే. "మన కర్నూలు జిల్లాకు రాజధాని వచ్చిందిరా, సముద్రమే రాలేదు" అని నవ్వేవారు అయ్యవారు.

మా మార్కాపురం పలకలు చేసే ఊరే అయినా, పలక పగిలితే ఇంట్లో దెబ్బలు తప్పేవి కావు. ఒకసారి నా పలక పగిలితే అయ్యవారే మా ఇంటికొచ్చి, "పలక పగిలినోణ్ని కొట్టేదేంది? ఓడ పగిలినోడికే రాజు అభయమిచ్చినాడు" అన్నారు. మా నాయనకు ఏమర్థమైందో గానీ, ఎత్తిన చెయ్యి దించాడు.

మూడో ఫారంలో మమ్మల్ని మోటుపల్లి చూపిస్తానని బస్సు ఎక్కించారు. ఊరు దాటగానే వాగు పొంగి అడ్డొచ్చింది. అయ్యవారు పంచె ఎగ్గట్టి గట్టు మీద కూర్చున్నారు.

"ఏరు తగ్గినాక పోదాం. అందాక ఇదే రేవనుకోండిరా. అదో, ఆ కొట్టుకొచ్చే మొద్దే ఓడ!"

ఆ ఎర్రనీళ్లలో మేం నిజంగానే ఓడలు చూశాం. తెచ్చుకున్న సద్దులు తిన్నాం. సాయంత్రమైనా ఏరు తగ్గలేదు, వెనక్కి వచ్చేశాం. మళ్లీ కుదరలేదు. "ఏరు తగ్గినాక" అనేది మా తరగతికి సామెతైపోయింది. లెక్క రానివాడూ అదే అనేవాడు, పెళ్లి కుదరనివాడూ అదే అనేవాడు.

పోయిన ఏడు చీరాల వైపు పెళ్లికి వెళ్లి మోటుపల్లి చూసొచ్చాను. రేవు లేదు, ఇసుకా తాటిచెట్లూ మిగిలాయి. శాసనం మాత్రం ఉందని, తాకి చూశానని అయ్యవారికి చెప్పాను. ఆయన నా కుడిచెయ్యి పట్టుకున్నారు.

"ఈ చేత్తోనే తాకినావా? నన్నొకసారి తీసకపోరా. ఆ అక్షరాలు తాకాల."

నాకేవో పనులు. "ఏరు తగ్గనీండి అయ్యవారూ" అన్నాను నవ్వుతూ. చినుకు పడని ఏడాది అది. ఆయనా నవ్వి, "సరేలేరా" అన్నారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు.

శ్మశానం వాగు అవతల ఉంది. ఆనాడు మా బస్సును ఆపిన వాగే. పాడె ముందుకొమ్ము నా భుజం మీదుంది. వెనక నా పాత బెంచీవాడు ఏడుస్తూ, "ఏరు తగ్గింది అయ్యవారూ" అన్నాడు. ఎండిన ఇసుకలో దిగి, ఆయన్ను అవతలి గట్టుకు దాటించాం. ఒక్కరి పాదమూ తడవలేదు.