వీరేశం సార్ విరిచిన సగం బిస్కెట్

మా చిన్నప్పుడు... ట్యూషన్‌కి బయల్దేరే ముందు అందరం ముక్కు శుభ్రంగా తుడుచుకునేవాళ్లం. ఎందుకంటే వీరేశం సార్ దగ్గర ఎక్కం తప్పు చెప్తే, ఒప్పు చెప్పినవాళ్లు మన ముక్కు పట్టుకుని చెంప వాయించాలి... అదీ రూలు.

నారాయణగూడ సందులో మేడమీద గది. సార్‌ది సిద్దిపేట వైపు పల్లెటూరు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ, ఆ కిరాయి గదిలోనే సాయంత్రాలు మాకు లెక్కలు చెప్పేవారు. ఆయన మాత్రం ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. కొట్టే పనంతా మాకే అప్పగించారు. మెల్లగా కొడితే మళ్లీ కొట్టించేవారు.

దెబ్బలయ్యాక ఇంకో రూలు... డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసేవారు. కొట్టినవాళ్లు, దెబ్బ తిన్నవాళ్లు చెరి సగం విరుచుకుని అక్కడే తినాలి. పగ ఇంటికి మోసుకుపోకూడదని ఆయన పట్టుదల.

నేనప్పుడు ఆరో తరగతి. ఒకరోజు పంతొమ్మిదో ఎక్కంలో తడబడితే, పక్కన కూర్చునే రజిత నా చెంప పగలగొట్టింది. చెవిలో గుయ్యిమంది. నేను ఏడుస్తుంటే సార్ నవ్వారు. రజిత మీద కోపం బిస్కెట్‌తోనే పోయింది గానీ, సార్ నవ్వు మాత్రం కడుపులో మండుతూనే ఉంది. నాకు ఉడుకుమోత్తనం ఎక్కువ...

మర్నాడు సారే బోర్డు మీద తప్పు రాశారు. పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరట! నేను లేచి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"కొట్టు బిడ్డా. రూలు అందరికొక్కటే."

కొట్టాను. ముక్కు మెలిపెట్టి, పదకొండేళ్ల ఒంట్లో ఎంత బలముందో అంతా పెట్టి కొట్టాను. పెదవి పంటికి తగిలి చిట్లి నెత్తురు వచ్చింది. అబద్ధం ఎందుకు... నాకు హాయిగా అనిపించింది. ఇంకోటి కొట్టాలనిపించింది.

సార్ నెత్తురు తుడుచుకుని, బిస్కెట్ విరిచి సగం నాకు చాపారు. నేను తీసుకోలేదు. సంచి భుజాన వేసుకుని వచ్చేశాను. ఆయన ఆపలేదు. ఆ రూలు తప్పింది మా అందరిలో నేనొక్కదాన్నే.

ఆ మరుసటి రోజు... ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజులవి. మేం ట్యూషన్‌లో ఉండగానే చౌరస్తాలో గొడవ మొదలైంది. టియర్ గ్యాస్‌కి గదిలో కూడా కళ్లు మండాయి. సార్ పిల్లల్ని ఇద్దరిద్దరిగా ఇళ్లకు దింపి వచ్చారు. మా ఇల్లు అశోక్ నగర్‌లో, అందరికంటే దూరం. చివరికి నేను మిగిలాను. చిక్కడపల్లి రోడ్డు దాటుతుంటే రెండు వైపుల నుంచీ రాళ్లు... సార్ నన్ను పొట్టకు అదుముకుని వంగారు. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. ఎవరు విసిరారో ఇప్పటికీ తెలియదు. ఆయన చెవి వెనక నుంచి నెత్తురు నా రిబ్బన్ మీదకు కారుతుంటే కేకలు పెట్టాను.

"ఏడ్వకు. పదిహేడో ఎక్కం చదువుకుంట నడువు."

చదివాను. ఎనిమిదుల దగ్గరికి వచ్చేసరికి నూట ముప్పై ఆరు అని నాతో పాటు ఆయన కూడా అన్నారు. మా గేటు దాకా తెచ్చి, అమ్మ చేతికి అప్పగించి, అక్కడే కూలబడ్డారు.

మూడో రోజు పోయారు.

ఆ మేడ కింద వాకిట్లో పడుకోబెట్టారు. అందరూ తలకున్న కట్టు చూసి ఏడ్చారు. నేను చూసింది పెదవి. నేను కొట్టిన చోట నల్లగా పక్కు కట్టి ఉంది. రాయి ఎవరిదో తెలియదు... ఇది మాత్రం నాదే. ఇంటికొచ్చి ఆ చేతిని గోడకేసి బాదుకున్నాను. రెండు వేళ్లు విరిగాయి. నన్ను ఆపడానికి నాన్న ఒక్కడి వల్ల కాలేదు, బాబాయి కూడా రావాల్సి వచ్చింది.

ఇప్పుడు మా పిల్లలకు ఎక్కాలు ఫోన్ చెప్తోంది. ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు, మంచిదే... కానీ దెబ్బ తిని కూడా బిస్కెట్ విరిచి చాపే మనిషి మళ్లీ నాకు కనబడలేదు.

మీ చిన్నప్పటి సార్ల గురించి కింద రాయండి, అన్నీ చదువుతాను. కానీ మీరు క్షమాపణ చెప్పాల్సిన సారు ఇంకా బతికే ఉంటే... ఇక్కడ రాయకండి. వెళ్లి ఆయనకే చెప్పండి.