కానిస్టేబుల్ మాట వినని కారు

2024 వేసవిలో మా కంపెనీ తనంతట తానే నడిచే కారును ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా నడిపి పరీక్షించింది. సిగ్నల్ స్తంభానికి బిగించే రోడ్‌సైడ్ యూనిట్ నా బాధ్యత. అదొక చిన్న రేడియో పెట్టె. లైటు మారగానే వైర్‌లెస్‌గా కారుకు కబురు పంపుతుంది. ముందు బస్సు అడ్డున్నా కారుకు రంగు తెలిసిపోతుంది.

స్టీరింగ్ దగ్గర సేఫ్టీ డ్రైవర్ యాదగిరి, వెనక లాప్‌టాప్‌తో నేను. ఆపదొస్తే తప్ప అతను స్టీరింగ్ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పరీక్ష పోయినట్టే. ట్రాఫిక్ పోలీసులు మాకిచ్చిన అనుమతికి ఆ రోజే ఆఖరు.

ఆబిడ్స్ చౌరస్తాలో ఎర్రలైటుకు కారు బుద్ధిగా ఆగింది. రద్దీ పెరగడంతో కానిస్టేబుల్ లైట్లను వదిలేసి చేత్తోనే బండ్లను పంపిస్తున్నాడు. మమ్మల్నీ రమ్మని చెయ్యి ఊపాడు. కారు కదల్లేదు. వెనక ఆటోలు హారన్లు అందుకున్నాయి. ఆయన చెమటలు కక్కుతూ కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏందన్నా, చెయ్యి ఊపుతుంటే కనవడ్తలేదా?"

"నాకు కనవడ్తుంది సార్. బండి సిగ్నల్ మాటనే ఇంటది," అన్నాడు యాదగిరి.

"గట్లయితే నేనెందుకు గీడ?"

అంతలో వెనక అంబులెన్స్ సైరన్.

"ఇరవై సెకన్లలో గ్రీన్ వస్తుంది సార్," అన్నాను నేను.

"గా ముచ్చట అంబులెన్స్‌ల పండుకున్నాయనకు చెప్పు మేడమ్!" అన్నాడు కానిస్టేబుల్.

"యాదగిరీ, బండి పక్కకు తీసెయ్యండి," అన్నాను. అతను కారును పక్కకు లాగాడు. అంబులెన్స్ వెళ్లిపోయింది. లాప్‌టాప్ మీద 'ఫెయిల్' అని పడింది.

చేత్తో పంపేటప్పుడు లైట్లు మార్చే వీలు లేదా అని దిగి వెళ్లి కానిస్టేబుల్‌ను అడిగితే, ఆయన రోడ్డు పక్క సిగ్నల్ పెట్టెలో ఉన్న మాన్యువల్ స్విచ్ చూపించాడు. "ఇది తిప్పితే లైట్లు నా చేతికొస్తయి. గీ ఎండల ప్రతిసారి గీడిదాక ఎవడొస్తడు?"

జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాశాను. పోలీసులు మరో వారం గడువిచ్చారు. ఆ వారంలో ఆయన జేబులో పట్టే చిన్న రిమోట్ తయారుచేశాం. నొక్కితే లైటు మారుతుంది, ఆ కబురు కారుకూ చేరుతుంది. ఈసారి ఆయన నొక్కగానే కారు కదిలింది.

"మా ఇంట్ల నా మాట గింత జల్ది ఎవ్వరింటరు!" అని పకపకా నవ్వాడు.

చౌరస్తాలో ఎవరి మాట చెల్లుతుందో నేను ముందే కనుక్కోవలసింది. ఇప్పుడు ఎక్కడ పెట్టె బిగించాలన్నా, ముందు ఒక రోజంతా అక్కడి కానిస్టేబుల్ పక్కన ఎండలో నిలబడతాను.