కోట చూపించిన వీరమల్లయ్యగారు

వరంగల్ చౌరస్తాలో బట్టల దుకాణం నడిపే వీరమల్లయ్యగారు తమ ఊరి ప్రాచీన వైభవాన్ని తలచుకోని దినమంటూ ఉండేది కాదు. చీర మడతతోపాటు కాకతీయుల చరిత్రను కూడా విప్పడం ఆయనకు అలవాటు. పొరుగూళ్ల వర్తకులు ఆ ప్రసంగాలు ఆలకించి, ఈయన పెద్దలు దగ్గరుండి కోటగోడ కట్టించి ఉంటారని నమ్మి, బేరం చేయడానికి మొహమాటపడి, చెప్పిన ధరకే కొనుక్కుని పోయేవారు.

అయితే ఇక్కడొక సంగతి చెప్పక తప్పదు. ఆయన పుట్టిననాటినుండి ఈ ఊరు విడిచి ఎరుగరు. దుకాణానికి కోట మూడు మైళ్లు. ఆ మూడు మైళ్లు ఆయన నలుబది ఎనిమిదేండ్లలో ఒక్కసారి కూడా పోలేదు. వేయిస్తంభాల గుడిని చూశారు, నిజమే. హనుమకొండ కచేరీకి పోతూ బస్సు కిటికీలోనుండి చూశారు. ఉన్న ఊరిని చూడబోవడం పనిలేనివారి లక్షణమని ఆయన అభిప్రాయం. కోటను గురించి ఆయనకున్న పాండిత్యమంతా ఏటేటా తమ దుకాణం పేర అచ్చువేయించి పంచే క్యాలెండరులోనిది. దానిమీద ఒక రాతి తోరణం బొమ్మ ఉండేది.

పందొమ్మిదివందల డెబ్బదియేడవ సంవత్సరంలో ఆయనకు పరీక్ష వచ్చింది. ఒక పెద్ద బట్టల మిల్లుకు జిల్లా మొత్తానికి ఏజెంటు కావాలని ఆయన ఆరేండ్లుగా ఉత్తరాలు వ్రాస్తూ ఉన్నారు. ఆ ఏజెన్సీ వస్తే చౌరస్తాలో ఆయన తరువాతనే ఎవరైనా. రాకుంటే ఆయన పదిమందిలో పదకొండవవారు. ఎట్టకేలకు మిల్లు మేనేజరు కిషన్ రావుగారు హైదరాబాదునుండి జీపులో దిగారు. దుకాణం చూశారు, ఇంట్లో భోజనం చేశారు, చేయి తుడుచుకుంటూ అన్నారు:

"మీ ఊరి కోట మస్తుంటదని విన్న. జర చూపించుండ్రి సేట్‌సాబ్. ఏజెన్సీ ముచ్చట తిరిగొచ్చినంక మాట్లాడుకుందాం."

వీరమల్లయ్యగారు కండువా కోసం లోపలికి పోగా, భార్య విజయలక్ష్మి అడ్డం నిలిచింది.

"మీరెన్నడు వోయిన్రని చూపిస్తరు? పక్కింటి మాస్టరు సారునన్న వెంట తీస్కపోండ్లి."

"నాకు చెప్పస్తవా? ఆడ రాయి రాయి నాకెరుక."

"ఎందుకెరుక లేదు! క్యాలెండరుకు మేకు కొట్టేది మీరేనాయె."

దైవానుగ్రహం వలన రోడ్డే వారిని తోరణం ముందుకు తీసుకుపోయింది. అచ్చంగా బొమ్మలో ఉన్నట్టే ఉంది. వీరమల్లయ్యగారికి ప్రాణం లేచివచ్చింది. జీపు అక్కడే ఆపించి, పావుగంటసేపు ఉపన్యసించారు. పట్టాభిషేకంనాడు రాజు ఏనుగునెక్కి దీని కిందుగా ఒక్కసారి మాత్రమే పోయేవాడనీ, రెండవమారు పోతే రాజ్యం పోతుందనీ అప్పటికప్పుడు ఒక శాసనం కూడా పుట్టించారు. కిషన్ రావుగారు డైరీ తీసి శ్రద్ధగా వ్రాసుకున్నారు.

విరిగిన స్తంభాల నడుమ, ఎండలో కొంతదూరం నడిచిన తరువాత ఎదురుగా ఒక తోరణం కనబడింది. అదే ఎత్తు, అవే హంసలు. తోరణం ఒక్కటే అని ఎరిగిన మనిషికి తోచవలసిందే ఆయనకు తోచింది.

"చుట్టు తిరిగి మళ్ల ఆడికే వచ్చినం సార్."

"మనం సీదా నడిచినం గదా?"

"అదే కాకతీయుల హిక్మత్! లోపటికి వచ్చిన శత్రువు సీదా పోతాన అనుకుంటడు. తెల్లారి చూసుకుంటే ఆడనే ఉంటడు."

"వహ్వా!" అని కిషన్ రావుగారు అదీ వ్రాసుకున్నారు.

మూడవ తోరణం ఎదురైనప్పుడు వీరమల్లయ్యగారి కంఠంలో అనుమానమనేది మిగల్లేదు. "చూసిన్రా? మళ్ల గాడికే!" అన్నారు, ఆ మాయను తామే నిర్మించినట్టు.

కిషన్ రావుగారు చెమట తుడుచుకుని నలువైపులా చూశారు. "గాడికే అయితే మన జీపేది?"

ఈ ప్రశ్నకు క్యాలెండరులో జవాబు లేదు. డ్రైవరు నీడకు పోయి ఉంటాడని ఆయన నసుగుతుండగానే, తోరణం పక్కన బర్రెను కట్టేస్తున్న ఒక ఆడమనిషి తలెత్తింది. ఆమె మొగిలమ్మ, కోటలోనే కాపురం, పదేండ్లుగా వారింటికి పాలు పోసే మనిషి.

"ఏంది సేటూ, గిటొచ్చినవ్? తొవ్వ తప్పినవా?"

"తప్పుడేంది? సారుకు తోరణం చూపిస్తాన."

"ఏ తోరణం?"

"ఏదంటవేంది? ఉన్నదొక్కటేనాయె."

మొగిలమ్మ పలుపు వదిలేసి మరీ నవ్వింది. "ఓ నా సేటూ! నాలుగు దిక్కులకు నాలుగున్నయి. ఇది మూడోది. మీ జీపు మొదటిదాని కాడనే ఉన్నది, డ్రైవరు గుర్రు వెడ్తాండు. పదేండ్లసంది పాలు వోస్తాన, ఒక్కనాడన్న మా కోట ముచ్చట అడిగినవా? నీళ్లెన్ని కలిపినవనే అడిగితివి!"

కిషన్ రావుగారు డైరీ మూసి జేబులో పెట్టుకున్నారు. ఇద్దరూ జీపెక్కి దుకాణం దారి పట్టారు. ఆరేండ్ల ఉత్తరాలు తన కళ్లముందే చిత్తుకాగితాలవుతున్నట్టు తోచి వీరమల్లయ్యగారు కండువా కొస నలుపుతూ కూర్చున్నారు. గద్దెమీద చేరగిలబడిన తరువాత మేనేజరుగారు సంచిలోనుండి కాగితాలు తీశారు.

"సంతకం పెట్టుండ్రి. ఏజెన్సీ మీకే."

"నాకా సార్?"

"మీకే. మూడు తోరణాలను ఒక్కటే అని నన్ను నమ్మిచ్చిన్రు, జీపు గుర్తుకు రాకుంటే నాలుగోదాని కాడ గూడ నమ్మేటోన్ని. మా మిల్లుల నేసేది ఒక్కటే పాప్లిన్. దాన్ని నాలుగు రకాలని అమ్మేటోడు మాకు గావాలె. కోట తెలిసినోళ్లతోని మాకేం పని?"

ఇది మెప్పో తిట్టో వీరమల్లయ్యగారు విచారించలేదు. సంతకం మాత్రం చాలా గుండ్రంగా పెట్టారు.

ఇది జరిగి తొమ్మిదేండ్లయింది. ఇప్పుడాయన చౌరస్తాలో మొదటివారు. మిల్లువారు ఏటా ఎవరినో ఒకరిని పంపుతారు, కోట చూపించవలసి వస్తుంది. జీపు మొదటి తోరణం దగ్గర ఆగుతుంది. మొగిలమ్మ అతిథులను వెంటబెట్టుకుని పోతుంది. ఈయన నీడలో కూర్చుంటారు.

"గింతదూరం పోతరాయె, ఆ నాలుగోదాన్నన్న చూసి రారాదుండ్లి?" అని మొన్న విజయలక్ష్మి అడిగింది.

"మూడు చూస్తేనే ఏజెన్సీ వచ్చింది," అన్నారు వీరమల్లయ్యగారు. "నాలుగోది చూస్తే ఇంకేమొస్తదే?"