చిక్కడపల్లి బజ్జీలు, నారాయణగూడ మౌనం

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు దాటాను. చేతిలో చిన్న సంచి. అందులో రెండు చీరలు, తెల్ల కాగితాల కట్ట, రెండు పెన్నులు. వెళ్లాల్సింది నారాయణగూడలో ఒక సందు చివర ఉన్న కతోలిక సిస్టర్ల మఠానికి. దూరం రెండు కిలోమీటర్లకు మించదు. దేవుడు లేడని వాదించడానికి ఏలూరు నుంచి ఆదిలాబాద్ దాకా తిరిగిన నాకు ఇదే అతి చిన్న ప్రయాణం. ఓడిపోయి తిరిగొచ్చిన ప్రయాణం కూడా ఇదేనేమో, చదివాక మీరే తేల్చండి.

నన్ను పంపింది మా కింది వాటా లూర్దమ్మ. ఆదివారం పూజ ఒక్కటీ తప్పని మనిషి. ఆమె ఒక్కగానొక్క కూతురు స్టెల్లా బ్యాంకు ఉద్యోగం మానేసి, ఏడాది కిందట ఆ మఠంలో చేరింది. బళ్లు, ఆస్పత్రులు నడిపే సిస్టర్ల మఠం కాదది. లోపలికి వెళ్లినవాళ్లు మళ్లీ బయటికి రారు. ప్రార్థన, పని, మౌనం, అంతే. ఈస్టర్ మర్నాడు స్టెల్లాకు మఠం వస్త్రం ఇస్తారట. ఆ పొద్దున కట్టుకోవడానికి తెల్ల చీర పుట్టింటి నుంచి రావాలట. ఆ సంగతి రాసిన ఉత్తరాన్ని లూర్దమ్మ బియ్యం డబ్బా కింద పెట్టి, నెల రోజులుగా డబ్బా జరపలేదు.

"నేను చెప్తె ఇనదక్కా. దానికి మాట్లాడుడు నేర్పింది నువ్వు. నువ్వే పోయి తీస్కరా," అంది.

"వెళ్లింది నీ దేవుడి దగ్గరికే కదా. తీసుకురావడానికి నాస్తికురాలిని పంపుతావా?"

"దేవునితోని నాకు పంచాయితి లేదు. నా బిడ్డ మొహాన్ని గోడెనక పెట్టుడే నాకు నచ్చలే."

స్టెల్లాకు మాట్లాడటం నేర్పింది నేనే, నిజం. ఎనిమిదో తరగతి నుంచి మా భోజనాల బల్ల దగ్గర నిలబెట్టి వాదనలో తర్ఫీదు ఇచ్చాను. బల్ల మీద ఇత్తడి గంట ఉండేది. మొదటి గంట హెచ్చరిక, రెండో గంటకు ఆగాలి. ఆ పిల్ల ఎన్నడూ ఆగలేదు. కాలేజీ పోటీల్లో రెండుసార్లు మొదటి బహుమతి ఆ గంట దగ్గరే పోగొట్టుకుంది. "మాట సగంల ఉంటె ఎట్ల ఆపుత పెద్దమ్మా?" అని నా మీదే కోప్పడేది.

మూడున్నరకు చిక్కడపల్లిలో మూలమీది బండి దగ్గర ఆగి ఆరు మిర్చి బజ్జీలు కట్టించుకున్నాను. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు తపస్కాలం, మఠంలో ఒక్క పూటే భోజనమని విన్నాను. గ్రహణం పట్టిన వేళ నడివీధిలో నిలబడి ఇడ్లీలు తిన్న చరిత్ర నాది. ఆకలికి మతం లేదని రుజువు చేయడానికి సరంజామా వెంట ఉండాలి కదా.

చిక్కడపల్లి స్టేషన్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీటులో ఒక అమ్మాయి పుస్తకం మీద పసుపు గీతలు గీస్తోంది. ఏ పరీక్ష అని అడిగాను.

"గ్రూప్ టూ మేడం. నాలుగేండ్ల సంది అశోక్‌నగర్ హాస్టల్లనే ఉన్న."

"రోజంతా ఏం చేస్తారమ్మా?"

"నాలుగింటికి లేస్తం. ఎవ్వరితో మాట్లాడం. ఫోన్ ఇంట్లనే ఇచ్చొచ్చిన. రెండు ఇడ్లీలు తిని చీకటి పడేదాక చదువుడే."

"ఎప్పటిదాకా?"

"పైనుంచి పిలుపొచ్చేదాక."

అంతలో నారాయణగూడ వచ్చేసింది. ఒకే స్టేషన్, రెండు నిమిషాలు. రెండు రోజులు మఠంలో ఉన్నాక అర్థమైంది, అక్కడి దినచర్య మొత్తం ఆ అమ్మాయి నాకు ముందే చెప్పేసిందని.

నాలుగుకు పావుగంట ముందే మఠం గుమ్మంలో ఉన్నాను. తలుపు తీసింది సిస్టర్ ఆగ్నెస్. బయటి పనులన్నీ ఆమెవే, బయటివాళ్లకు కనిపించేదీ ఆమె ఒక్కతే. అరవై ఏళ్లుంటాయి, వరంగల్ వైపు మనిషి. స్టెల్లాను కలవాలన్నాను.

"తపస్కాలంల ఎవ్వర్నీ కలువరు మేడం. తల్లొచ్చినా కలువరు."

"ఈ సంగతి లూర్దమ్మకు తెలియదా?"

"ఎందుకు తెల్వది? తనకు నియమం అడ్డమొస్తదని మిమ్మల్ని తోలి ఉంటది."

అవిశ్వాసికి నియమాలు వర్తించవని లూర్దమ్మ లెక్క. తిరిగి వెళ్లిపోవడం నాకు చేతకాదు. ధ్యానానికి వచ్చేవాళ్ల కోసం బయటి వైపు ఒక గది ఉందంటే, అది ఇమ్మన్నాను. ధ్యానం మాత్రం చేయనని ముందే చెప్పాను.

"కూసుంటె చాలు," అంది సిస్టర్. "చాన మందికి అదే చాతగాదు."

గదిలో నులక మంచం, బల్ల, ఫ్యాను, మూత పెట్టిన నీళ్ల కూజా. ఆ గదికీ లోపలి మఠానికీ మధ్య, మనుషులు దాటని గోడలో గుండ్రని చెక్క అల్మారా ఒకటి ఉంది. ఇటు నుంచి ఏదైనా పెట్టి తిప్పితే అటు చేరుతుంది, ఇచ్చిన చెయ్యి, పుచ్చుకున్న చెయ్యి ఒకదానికొకటి కనిపించవు. చూడగానే నాకు ఉపాయం తట్టింది. నోటితో కుదరకపోతే కలంతో వాదిస్తాను.

ఆరింటికి గుడిలో ప్రార్థన. మాకు కొన్ని బల్లలు, వాళ్లకు జాలీ వెనక చీకటి. లెక్కపెడితే పదకొండు గొంతులు. పది గొంతులకు శ్రుతి కుదిరింది, ఒకటి మాత్రం చిన్నప్పటిలాగే దారి తప్పి తిరుగుతోంది. స్టెల్లా క్షేమంగా ఉందని రూఢి అయింది.

ఏడింటికి భోజనం అనబడేది వచ్చింది. గ్లాసుడు రాగి జావ, ఒక అరటిపండు. ఏడున్నరకు తలుపు వేసుకుని బజ్జీల పొట్లం విప్పాను. రెండోది సగంలో ఉండగా తలుపు చప్పుడైంది.

"తినండి మేడం, మీకు నియమం లేదు," అంది సిస్టర్ ఆగ్నెస్. "కిటికి ఒక్కటి మూసుకోండ్రి. వాసనకు గోడలుండవ్. లోపల పదకొండు మంది ఉన్నరు."

కిటికీ మూశాను. మిగిలిన నాలుగు బజ్జీలు తినలేకపోయాను. ఇది పశ్చాత్తాపమని ఎవరూ అనుకోవద్దు. చల్లారిపోయాయి, అంతే.

ఆ రాత్రి పడుకోబోయే ముందు మొదటి ఉత్తరం రాసి అల్మారా తిప్పాను. కవాడిగూడ బస్తీ పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెప్పేదానివి, వాళ్లకు కావలసింది నీ ప్రార్థనలా, నీ చేతులా అని అడిగాను. శనివారం పొద్దున రెండోది. ఇరవై ఆరేళ్లకు చేసిన బాస అరవై ఏళ్ల మనిషిని కట్టేయవచ్చా అని. రెంటికీ జవాబు లేదు. మధ్యాహ్నం అల్మారా దానంతటదే తిరిగితే ఆశగా లేచాను. పళ్లెంలో కాగితంలాంటి తెల్లటి ముక్కలు. పూజకు పంచే అప్పాలను లోపల కాల్చి, గుండ్రంగా కత్తిరించగా మిగిలిన అంచులు. పూజలో పెట్టనివే లెండి. రుచి లేదు, ఉప్పు లేదు. చాయ్‌లో ముంచితే మాత్రం బాగున్నాయి.

సాయంత్రం నాలుగింటికి సిస్టర్ ఆగ్నెస్ వరండా ఊడుస్తూ తన తమ్ముడి పెళ్లి కథ చెబుతోంది. పెళ్లికొడుకు మండపంలోంచి లేచి ఎటో వెళ్లాడు. సరిగ్గా అక్కడ గంట మోగింది. ఆమె చీపురు ఉన్నచోటే వదిలి వెళ్లిపోయింది. ముప్పావుగంట తర్వాత వచ్చి చీపురు తీసుకుంది.

"పెళ్లికొడుకు ఎటుపోయాడు?"

"జ్వరం గోలి మింగనీకి పోయిండు. గంట మొదటి దెబ్బకే ఆపాలె మేడం. రాస్తుంటె అక్షరం సగంలనే ఆపాలె. ఆ ఇంకో సగం మనది కాదు."

నా మూడో ఉత్తరం దొరికింది. గంటకు ఆగే మనసు స్వేచ్ఛ ఉన్న మనసు కాదు, అది మరొకరి చేతిలో తాడు. నాలుగు పేజీలు. నా వ్యాసాల్లో ఇంత పదునైనది లేదనుకున్నాను. ఆరింటికి అల్మారాలో పెట్టి, ఈసారైనా జవాబు ఇప్పించమని సిస్టర్‌ను అడిగాను.

"తపస్కాలంల చిట్టీలు ఎవ్వరికియ్యరు. మఠానికి పెద్ద మా మదర్, ఆమె చదివి డబ్బాల ఏస్తది. ఈస్టర్ నాడే తీసిచ్చేది."

"నిన్ననే చెప్పొచ్చు కదా."

"మీరడగలే. పైంగ మస్తు ఖుషీగ రాస్తున్నరు."

ఆదివారం మధ్యాహ్నం సంచి సర్దుకున్నాను. మూడున్నరకు కబురొచ్చింది, మదర్ రమ్మంటున్నారని. చిన్న గది, ఇనుప ఊచలు, వాటి వెనక నల్ల తెర. తెర అవతల నుంచి గుంటూరు వైపు యాసలో నెమ్మదైన గొంతు.

"మీ ఉత్తరాలు చదివానండీ. చదవడం నా పని. మూడోది బాగుంది. నియమం ప్రకారం స్టెల్లాకు ఇవ్వలేను. అయితే ఆదివారం ఆ నలభై రోజుల లెక్కలోకి రాదు. చెప్పాల్సింది నోటితోనే చెప్పుకోండి. నాలుగింటికి గంట."

ఇంత చక్కని మెలిక ఏ వకీలు నోటా వినలేదు. అవతల కుర్చీ జరిగింది.

"బాగున్నవా పెద్దమ్మా? బజ్జీలు మన మూలమీది బండియేనా?"

వాసన నిజంగానే గోడ దాటింది. ముఖం కనబడకపోయినా నవ్వు వినబడింది. నీ ఉత్తరాన్ని అమ్మ బియ్యం డబ్బా కింద పెట్టి, డబ్బా జరపడం లేదని చెప్పాను. "అట్లనే చేస్తదని తెలుసు," అంది. "చీర రాకపోతె పాతదే కట్టుకుంట. కాని అమ్మ ఇచ్చిందే కట్టుకోవాలని ఉంది."

సమయం తక్కువ. బస్తీ పిల్లల మాట ఎత్తాను.

"ఆ లెక్కలు నువ్వు చెప్పు. రిటైరైనవ్, ఖాళీగనే ఉన్నవ్ కద."

బాస సంగతి అడిగాను.

"నువ్వు ఇరవైలల్ల దేవుడు లేడన్నవ్. అరవై దాటినయ్. మార్చినవా?"

ఈ పిల్లను ఇలా తయారుచేసింది నేనే. కోపం రాలేదు, గర్వం వచ్చింది, దాన్ని దాచుకుని మూడోది ప్రయోగించాను. గంట, తాడు, స్వేచ్ఛ, నాలుగు పేజీలూ నాలుగు నిమిషాల్లో చెప్పాను. అటువైపు ఊపిరి పీల్చడం వినిపించింది. పోటీలో గెలిచే మాట దొరికినప్పుడు ఆమె అలాగే పీల్చేది.

"అది తప్పు పెద్దమ్మా. ఎందుకంటే..."

గంట మోగింది.

ఎదురుచూశాను. "చెప్పు, పరవాలేదు, నేను మార్కులు తగ్గించను," అన్నాను. తెర కదలలేదు. కుర్చీ మెల్లగా వెనక్కి జరిగింది, అడుగులు దూరమయ్యాయి. గంట మోగాక మాట్లాడింది నేనొక్కదాన్నే.

నాలుగూ ఇరవైకి నారాయణగూడ చౌరస్తాలో బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. కండక్టరమ్మ రెండుసార్లు అడిగింది ఎక్కడికని. నేను వినలేదు. ఆ పిల్ల ఆగింది కాబట్టి నా మూడో వాదన నెగ్గినట్టా? గెలుపు నోటి దాకా వచ్చినా తనంతట తానే వదులుకుంది కాబట్టి ఓడినట్టా? చిక్కడపల్లి దాటుతుండగా ఇంకో సంగతి గుర్తొచ్చింది. పదేళ్లపాటు ఆ పిల్ల ముందు గంట కొట్టి ఆగు, ఆగు అని ప్రాధేయపడింది ఎవరు?

"ఓ అమ్మా, ఎటు పోవాలె?" కండక్టరమ్మ మూడోసారి అడిగింది.

"అశోక్‌నగర్."

అయిదు కాకముందే గేటు దగ్గరున్నాను. లూర్దమ్మ మెట్ల మీదే కూర్చుని ఉంది. నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని ముందు చూసింది.

"ఏమన్నదక్కా?"

"నాది తప్పంది. 'ఎందుకంటే' అంది."

"ఎందుకంట?"

"గంట కొట్టారు. ఆగిపోయింది."

"ఎవరు? స్టెల్లానా?" లూర్దమ్మ నన్ను నమ్మలేనట్టు చూసింది. "అన్నం చల్లగైతున్నా మాట అయిపోయినంకనే లేచేది. నిజంగ ఆగిందా?"

"'ఎందుకంటే' దగ్గర ఆగింది."

చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది. నువ్వు ఇచ్చిన చీరే కట్టుకోవాలని ఉందట అని అప్పుడు చెప్పాను. లేచి లోపలికి వెళ్లింది. వంటింట్లో బియ్యం డబ్బా నేలమీద రాసుకుంటూ జరిగిన చప్పుడైంది. ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎన్ని గజాలన్నరో చదువు. రేపు కాచిగూడ పోదాం. నువ్వు గూడ రావాలె, నాకొక్కదానికి కాళ్లాడవ్."

"చీరకు వస్తాను. పూజకు రాను."

"నిన్నెవరు రమ్మన్నరు?"

వెళ్లదలచిన పాఠకులకు నా సలహా ఇంతే. చిక్కడపల్లి నుంచి ఒక్క స్టేషన్, గది శుభ్రంగా ఉంటుంది, తపస్కాలంలో వాదనలు ఇంట్లో వదిలి వెళ్లండి. నేను ఈస్టర్ నాడు సాయంత్రం మళ్లీ వెళుతున్నాను. ఉపవాసం ఆ రోజుతో తీరుతుంది. మూలమీది బండివాడికి వేడివేడి బజ్జీలు చెప్పి ఉంచాను, పదకొండు మందికి. పొట్లం అడుగున ఒక చిట్టీ కూడా పెడతాను. అందులో ఒకటే ప్రశ్న ఉంటుంది: "ఎందుకంటే?"