శాన్ హువాన్‌లో అత్తయ్యగారితో

అమెరికాలో మాలాగా హెచ్-1 ఉద్యోగ వీసా ముద్ర గడువు తీరినవాళ్ళు దేశం దాటితే తిరిగి రావడం అనుమానమే. అందుకని నా భార్య ఇందిర పాస్‌పోర్టు అడగని విదేశం కోసం వెతికి, కరీబియన్‌లో ఉన్నా అమెరికాదే అయిన ప్యూర్టోరికోను పట్టుకుంది. టిక్కెట్లు కొనేలోపే జబ్బు బయటపడింది. ఆమె పోయిన మూడో నెలలో, 2010 మార్చిలో, ఆ ప్రయాణం నేనూ వాళ్ళమ్మగారూ చేశాం.

నా చేతిసంచిలో అస్థికలున్న చెక్కపెట్టె ఉంది. (లోహపు పెట్టె అయితే అట్లాంటా విమానాశ్రయంలో తనిఖీ దాటనివ్వరు.) అత్తయ్యగారు వాటిని గోదావరిలో కలపాలనుకుంటున్నారని నాకు తెలుసు. ఇందిర చూడాలనుకున్న ఈ సముద్రంలోనే కలపాలని నాకుందని ఆవిడకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. వచ్చే వారం ఆవిడ రాజమండ్రి వెళ్ళిపోతారు.

అసలు మేం సూటిగా మాట్లాడుకున్నదే లేదు. వాళ్ళింట్లో అల్లుడితో అత్తగారు నేరుగా మాట్లాడరు. "అబ్బాయి కాఫీ తాగుతారేమో కనుక్కో" అని ఇందిరతో అనేవారు, నేను వినేవాణ్ణి. ఇప్పుడు మధ్యన మనిషి లేదు. పాత శాన్ హువాన్‌లో ఆ పని పిల్లులకు పడింది.

గురువారం ఎనిమిదింటికి బస నుంచి బయల్దేరాం. వీధుల్లో పరిచిన రాళ్ళు నీలంగా ఉంటాయి. వాన పడితే జారతాయి, మంచి చెప్పులు వేసుకోండి. ప్రతి మలుపులోనూ వీధిపిల్లులే. ఒకటి అత్తయ్యగారి కాళ్ళకు రాసుకుంది.

"చూశావుటే, రాత్రి కూడా అన్నం వదిలేశారు. ఇలా అయితే ఎలాగో అడుగు" అన్నారు దానితో.

"బాగానే తింటున్నానని చెప్పు" అన్నాను, నేనూ దానితోనే.

గుమ్మం కడుగుతున్న ఒకాయన మమ్మల్ని చూసి స్పానిష్‌లో ఏదో అని నవ్వాడు.

పదింటికి కోటకు చేరాం. టిక్కెట్టు మూడు డాలర్లు. కోట గోడ కింద, సముద్రపు ఒడ్డునే తెల్లటి సమాధులు. అక్కడ ఒకామె మడతకుర్చీ వేసుకుని, ఒక సమాధితో మాట్లాడుతోంది. అత్తయ్యగారు చాలాసేపు ఆమెనే చూశారు.

ఒంటిగంటకు భోజనం: అన్నం, చిక్కుడు గింజలు, అరటికాయ వేపుడు. అరటికాయ ముద్ద మాత్రం అడగకండి, అందులో పందిమాంసం కలుపుతారు. అక్కడ పిల్లి లేదు. నేనే మొదలుపెట్టాను.

"గోదావరి అయినా చివరికి సముద్రంలోనే కదండీ కలిసేది..."

"బంగాళాఖాతంలో. ఇది అట్లాంటిక్. నాకు జాగ్రఫీ చెప్పకండి, బళ్ళో ముప్పయ్యేళ్ళు నేను చెప్పిన పాఠం అది."

ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట ఇదే. నాకు నవ్వొచ్చింది, తల దించుకున్నాను. కంచంలో అన్నం కలుపుతూ ఆవిడే మళ్ళీ అన్నారు:

"నాకు పదేళ్ళ వీసా ఇచ్చారు, ఎప్పుడైనా వస్తాను. మీరు ఇప్పట్లో అక్కడికి రాలేరు. రాజమండ్రిలో నాకు ఏడ్చుకోడానికి ఊరంతా ఉంది. మీకూ ఒక చోటుండాలి కదా బాబూ. ఇక్కడే కానివ్వండి."

"మీకు కష్టం కాదా?"

"ఎందుక్కాదు? కష్టమే. తినండి."

తీరం నుంచి మూడు మైళ్ళు దాటాకే కలపాలని ఇక్కడి చట్టం. బసలో అడిగితే పడవ కుదిర్చారు. శుక్రవారం ఏడింటికి బయల్దేరాం. ఎనిమిదింటికల్లా ఊరు గీతంత సన్నగా కనిపించింది. పడవవాడు ఇంజను ఆపి, టోపీ తీసి, అటు తిరిగి నిలబడ్డాడు. పెట్టె ఇద్దరం పట్టుకున్నాం. నేను మూత తీస్తుంటే అత్తయ్యగారు నా మణికట్టు పట్టుకున్నారు. ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు. అయిపోయాక కూడా ఒడ్డుకు వచ్చేదాకా వదల్లేదు.

శనివారం పదకొండింటికి తిరుగు విమానం. ఇక్కడినుంచి పళ్ళు తీసుకెళ్ళనివ్వరు, ఆశపడి కొనకండి. కోటలు, వీధులు చూడటానికి మూడు రోజులు చాలు. మేం ఐదు రోజులున్నాం. ఊరు మమ్మల్ని ఏమీ అడగలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకు అది మంచి ఊరు.

విమానం పైకి లేచాక అత్తయ్యగారు నా వైపు తిరిగారు.

"అది పుట్టిన రోజున ఎంత వానో మీకు చెప్పిందా?"

"లేదండీ. తనకేం తెలుస్తుంది?"

"అవును కదూ" అని నవ్వి, మొదలుపెట్టారు. అట్లాంటాలో దిగేసరికి ఇందిరకు పదకొండేళ్ళు వచ్చాయి. మిగతాది కారులో చెబుతానన్నారు.