అత్తయ్య ఫోనుకి వేసిన తాళం

మా అత్తయ్య ఫోనుకి తాళం వేసే బాధ్యత నాకు దక్కింది. నేను గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. చరిత్రకీ ఫోనుకీ ఏమిటి సంబంధమని మా బంధువుల్లో ఎవరూ అడగలేదు. చదువుకున్నవాడంటే చదువుకున్నవాడే. ఫ్యాను తిరక్కపోయినా నాకే కబురొస్తుంది.

అత్తయ్య వాళ్ళది చిలకలూరిపేట దాటాక, రోడ్డు దిగి లోపలికి వెళ్ళే ఊరు. మిరప వేస్తారు. ఆ ఊళ్ళో ఫోను బకెట్టులాంటిది. ఎవరిదైనా ఎవరైనా తీసుకోవచ్చు, పనయ్యాక ఎక్కడో అక్కడ పెట్టొచ్చు. మోగితే దగ్గరున్నవాళ్ళు ఎత్తి, స్పీకరు పెట్టి, మిరపకాయలు ఆరబోసిన కల్లం మొత్తానికీ వినిపిస్తారు. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడేవాళ్ళ మీద ఊరికి సదభిప్రాయం ఉండదు.

అలాంటి చోట అత్తయ్య ఒక రహస్యం నడుపుతోంది. మామయ్యకీ ఆయన తమ్ముడికీ బోరు నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి, చివరికి మాటలే పోయాయి. తమ్ముడు తన వాటా పొలం కౌలుకిచ్చేసి పొన్నూరు వైపు వెళ్ళి వరీ మినుమూ చేసుకుంటున్నాడు. అతని పేరెత్తితే మామయ్య అన్నం ముందునుంచి లేచిపోతాడు. అత్తయ్యా, ఆ తమ్ముడి భార్యా మాత్రం రోజూ ఒకళ్ళకొకళ్ళు వాయిస్ మెసేజీలు పంపుకుంటున్నారు.

"మీ మామయ్య విన్నాడంటే ఆ పిల్ల నంబరు తీయించేస్తాడురా. దాంతో నాలుగు మాటలు చెప్పుకోకపోతే నాకు పొద్దు పోదు," అంది అత్తయ్య, నన్ను గడ్డివామి వెనక్కి తీసుకెళ్ళి.

ముందు వేలిముద్ర పెట్టించాను. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ ఆవిడ వేళ్ళ మీద గీతలు మిగల్లేదు. వేలు మార్చినప్పుడల్లా ఫోను మళ్ళీ ప్రయత్నించమని మర్యాదగా చెప్పింది. మేమూ మర్యాదగా ప్రయత్నించాం.

తర్వాత నాలుగంకెల నంబరు పెట్టాను. మర్నాడు మామయ్య మిర్చి యార్డుకి వెళ్ళాక, అక్కణ్ణుంచి ధర మెసేజి వచ్చింది. అత్తయ్య చేతులు కారంగా ఉన్నాయి. అందుకని ఫోను దగ్గరున్న కూలామెకి కల్లం ఈ చివర నుంచి నంబరు అరిచి చెప్పింది. రెండోసారి, పక్క కల్లం వాళ్ళకి కూడా అర్థమయ్యేట్టు, విడదీసి చెప్పింది.

ఇక మిగిలింది ముఖం. ఫోను ఎదురుగా నిలబెట్టి, ముఖానికి చుట్టుకున్న తుండుగుడ్డ తీయమన్నాను. తీయగానే ఘాటుకి తుమ్మింది. నేనూ తుమ్మాను. ఫోను మాత్రం నిబ్బరంగా ఉంది. చివరికి తుండుగుడ్డతోనే, కళ్ళు మాత్రం కనపడేట్టు నమోదు చేశాను. చవక ఫోను, పెద్దగా పట్టింపులున్నది కాదు. ఇదే అత్తయ్య అని నమ్మింది.

కల్లంలో అందరూ అలాగే చుట్టుకుంటారన్న సంగతి నాకు తట్టకపోలేదు. కొంచెం ఆలస్యంగా తట్టింది.

ఆ తర్వాతి ఆదివారం నేను అక్కడే ఉన్నాను. మామయ్య తుండుగుడ్డ చుట్టుకుని కాయలు తిరగేస్తున్నాడు. మంచం మీదున్న ఫోను టింగుమంది. ఆయన అలవాటుగా తీసి ముఖం ముందు పెట్టుకున్నాడు. అది ఆయన్ని తన యజమానురాలిగా గుర్తించి, తెరుచుకుంది.

వచ్చిన మెసేజీ నొక్కగానే, స్పీకర్లో ముందు తోటికోడలు గోంగూర గురించి చెప్పింది. దాని వెనక నుంచి ఒక మగ గొంతు:

"వదినకి చెప్పు, ఇక్కడ మబ్బు కమ్మింది. సాయంత్రానికి అటొస్తుంది. కాయలు కప్పుకోమను."

మామయ్య పాత మెసేజీ నొక్కాడు. అందులోనూ మబ్బే. దానికి ముందుదీ అంతే. మా అత్తయ్య మోకాళ్ళు లాగుతున్నాయందంటే వాన తప్పదని ఆయన ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాడు. టీకొట్టు దగ్గర ఆ మోకాళ్ళకి మంచి పేరుంది.

"ఇవేనా నీ మోకాళ్ళు?" అన్నాడు.

"మోకాళ్ళ నొప్పులు కూడా నిజమేనండి," అంది అత్తయ్య. కానీ ఆవిడ చూపంతా ఆయన బొటనవేలి మీదే ఉంది. అది నంబరు తీసేసే చోటుకి వెళుతుందేమోనని.

ఆయన ఫోను జేబులో వేసుకుని, టార్పాలిన్ పట్టాలు తెమ్మని కేకేశాడు. అందరం కలిసి కాయల మీద కప్పాం. పని అయ్యాక ముఖం కడుక్కొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అల్లుడూ, దీంట్లో మాట్లాడాలంటే ఏది నొక్కాలి?"

చూపిద్దామంటే ఫోను తెరుచుకోలేదు. కడిగిన ముఖాన్ని అది ఎన్నడూ చూడలేదు. తుండుగుడ్డ చుట్టుకోమన్నాను. ఎందుకని అడక్కుండా చుట్టుకున్నాడు. బొత్తాం నొక్కిపట్టి, పొన్నూరు దాకా నేరుగా వినపడేంత గట్టిగా అన్నాడు:

"ఒరేయ్, ఇక్కడ కప్పేశాం. నీ మినుము కుప్ప కప్పావా లేదా?"

చినుకులు మొదలయ్యాయి. కల్లంలో వాళ్ళంతా వసారాలోకి చేరారు. అత్తయ్య పొయ్యి మీద కూర వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇప్పుడిక తీసేయవచ్చని నేను సైగ చేసినా, మామయ్య తుండుగుడ్డ తీయలేదు. జవాబొచ్చినప్పుడు మళ్ళీ చుట్టుకోవాలంటే ఆలస్యమవుతుందన్నాడు.